ఫిక్సీ బిల్డ్‌కి తేలికైన ఫ్రేమ్: కొల్లేరు గాలిలో ఒక కిలోకి విలువెంత?

ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ కట్టుకుందాం అనుకునే వాళ్లు మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "బ్రో, ఫ్రేమ్ ఎన్ని గ్రాములు?" ఫోన్ కొనేముందు బెంచ్‌మార్క్ స్కోర్ అడగడం లాంటిది ఇది. ఆ నంబర్ అబద్ధమేం కాదు. కాకపోతే ఫోన్ జేబులోకి వచ్చాక మనల్ని రోజూ విసిగించేది బ్యాటరీ, సిగ్నల్, వేడెక్కడం. స్కోర్ సంగతి వారంలో మర్చిపోతాం. ఫ్రేమ్ కూడా అంతే. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు మధ్య తిరిగే వాళ్లకి ఎలాంటి ఫ్రేమ్ పనికొస్తుందో ఈ ఆర్టికల్‌లో చూద్దాం. బరువు సంగతి పక్కన పెట్టేయడం లేదు, లెక్క వేసి మరీ చూద్దాం.

ఫిక్సీ గురించి కొత్తగా వింటున్న వాళ్లకి రెండు ముక్కలు. మామూలు సైకిల్ తొక్కడం ఆపితే వెనక చక్రం దగ్గర టిక్ టిక్ మని చప్పుడు వస్తుంది, చక్రం మాత్రం తన మానాన తను తిరుగుతూ ఉంటుంది. ఆ పని చేసేది ఫ్రీవీల్. ఫిక్సీలో ఫ్రీవీల్ ఉండదు. పళ్ల చక్రాన్ని నేరుగా హబ్‌కి బిగించేస్తారు. చక్రం తిరిగినంతసేపూ పెడల్స్ తిరుగుతాయి, వాటి మీద ఉన్న మీ కాళ్లూ తిరుగుతాయి. కాళ్లతో ఎదురు నొక్కితే బండి నెమ్మదిస్తుంది. గేర్లు లేవు, డీరేలర్ లేదు, పాడయ్యే పార్టులు తక్కువ. ఇదేదో నిన్నమొన్నటి ఫ్యాషన్ కూడా కాదు. టూర్ డి ఫ్రాన్స్‌లో డీరేలర్ వాడనిచ్చిందే 1937లో. అంతకుముందు ఆ కొండలన్నీ ఒక్క గేరు మీదో, చక్రం తిప్పి బిగించుకుని రెండు గేర్ల మీదో ఎక్కినవాళ్లే.

ఈ సైకిల్ పుట్టిల్లు వెలోడ్రోమ్, అంటే వాలుగా కట్టిన గుండ్రటి ట్రాక్. మనకి తెలిసినది హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీలో ఉంది. అక్కడ గేదె అడ్డం రాదు, గుంట ఉండదు, అందరూ ఒకే వైపు తిరుగుతారు. ట్రాక్ ఫ్రేమ్ డిజైన్ మొత్తం అలాంటి చోటు కోసమే పుట్టింది. మనం దాన్ని తెచ్చి పెట్టబోయేది ఏలూరు–కైకలూరు రోడ్డు మీద. ఎంపికలో వచ్చే చిక్కులన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

కిలో తగ్గితే ఎన్ని వాట్లు?

మన నేల ఎంత చదునో చెప్పడానికి కొల్లేరు చాలు. 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించినప్పుడు హద్దుని +5 కాంటూరుగా పెట్టారు, అంటే సముద్ర మట్టం కంటే 5 అడుగుల ఎత్తులో పోయే గీత. దాని లోపల 308 చదరపు కిలోమీటర్లు వచ్చాయి. ఆ హద్దుని +3కి దించాలా వద్దా అని ఇన్నేళ్లుగా నడుస్తున్న గొడవంతా రెండంటే రెండు అడుగుల ఎత్తు గురించి. రెండు అడుగుల తేడాతో ఊళ్లు, చెరువులు లోపలివో బయటివో అయిపోయేంత చదును. ఇలాంటి చోట మనం ఎక్కే కొండ ఏదైనా ఉందంటే అది రైల్వే ఓవర్‌బ్రిడ్జి, కాలువ వంతెన, చెరువు గట్టు. అంతే.

ఇప్పుడు లెక్క. మనిషి 68 కిలోలు, సైకిల్ 9 కిలోలు, మొత్తం 77 అనుకుందాం. వేగం గంటకి 25 కిలోమీటర్లు. ఓ మాదిరి తారు రోడ్డు మీద రోలింగ్ రెసిస్టెన్స్ గుణకం 0.006 వేసుకుంటే టైర్ల రాపిడికి పోయేది సుమారు 31 వాట్లు. గాలి కదలని పొద్దున పూట మనిషి గాలిని చీల్చుకుని పోవడానికి ఇంకో 80 వాట్లు. ఫ్రేమ్‌లో ఒక కిలో తగ్గిస్తే ఈ మొత్తంలో మిగిలేది ఎంత? 0.4 వాట్. నాలుగు వాట్లు కాదు, సున్నా పాయింట్ నాలుగు.

అదే రోజు సాయంత్రం గంటకి 10 కిలోమీటర్ల ఎదురుగాలి వీచింది అనుకోండి. ఇది మన వైపు గాలి కిందే లెక్క కాదు, ఆకు కదిలే గాలి. 25 కిలోమీటర్ల వేగం నిలబెట్టుకోవాలంటే గాలికే 157 వాట్లు కావాలి. ఒక్క చిరుగాలికి 77 వాట్లు పెరిగాయి. ఆ 77 వాట్లని బరువు తగ్గించి రాబట్టాలంటే దాదాపు 190 కిలోలు తగ్గించాలి. సైకిల్, మీరు, మీ ఫ్రెండ్ ముగ్గురూ కలిసినా అంత బరువు రారు.

గాలి ఎటు నుంచి వస్తుందో మన వాళ్లకి చెప్పక్కర్లేదు. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి వస్తుంది, ఏలూరు నుంచి కైకలూరు పోయేవాడికి ఎదురు. రోహిణి కార్తెలో పడమటి గాలి, తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు వచ్చేవాడికి దాదాపు 50 కిలోమీటర్లూ ఎదురే. చుట్టూ వరి చేలు, చేపల చెరువులు. గాలికి అడ్డం పెట్టడానికి చెట్టు కూడా ఉండదు. ఫిక్సీలో గేర్ తగ్గించుకునే వీలు లేదు కాబట్టి ఈ గాలి మీ మోకాళ్ల మీదే పడుతుంది.

సరే, ఆగి బయల్దేరేటప్పుడో? మొత్తం బరువులో ఒక కిలో అంటే 1.3 శాతం. ఎనిమిది మీటర్ల ఎత్తు బ్రిడ్జి ఎక్కినా అదే 1.3 శాతం. తేడా ఉంది, కాళ్లకి తెలిసేంత లేదు.

బరువు నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది: సైకిల్‌ని మీరు మొయ్యాల్సి వచ్చినప్పుడు. రూమ్ మూడో అంతస్తులో ఉండి, కింద పెడితే పొద్దునకి ఉంటుందో లేదో తెలియని చోట 8 కిలోల సైకిల్‌కీ 11 కిలోల సైకిల్‌కీ తేడా రోజూ రెండు సార్లు తెలుస్తుంది. మీది ఆ పరిస్థితి అయితే తేలిక కోసం డబ్బు పెట్టడంలో తప్పు లేదు. స్పీడ్ కోసం మాత్రం కాదు.

అదే డబ్బుతో ఏం వస్తుందో కూడా చూడండి. గట్టి గట్టి చవక టైరు గుణకం 0.008 అనుకుందాం, మెత్తగా సాగే మంచి టైరుది 0.005. టైర్లు మారిస్తే అదే 25 స్పీడ్‌లో సుమారు 16 వాట్లు మిగులుతాయి. ఫ్రేమ్ బరువులో చెప్పాలంటే 38 కిలోలు. కాకపోతే ఇక్కడొక మెలిక. మన గతుకుల మీద ఆ మెత్తని టైరు బతకాలంటే కాస్త వెడల్పుగా, 28 నుంచి 32 ఎంఎం ఉండాలి. ఆ వెడల్పుకి ఫ్రేమ్‌లో చోటుండాలి. అంటే ఫ్రేమ్ బరువు ఇవ్వని వాట్లని ఫ్రేమ్‌లో ఉన్న ఖాళీ ఇస్తుంది. స్పెక్ షీట్‌లో గ్రాములు పెద్ద అక్షరాల్లో ఉంటాయి, టైర్ క్లియరెన్స్ చివరి లైన్‌లో ఉంటుంది, కొన్నిసార్లు అసలు ఉండనే ఉండదు. లేకపోతే అడగండి.

వెనక ఇరుసు కూర్చునే గాడి

నన్నడిగితే ఫ్రేమ్ ఫోటోలో మొదట జూమ్ చేసి చూడాల్సింది ఇదే. దీన్ని డ్రాపౌట్ అంటారు. ఫిక్సీకి చైన్ ఎప్పుడూ బిగువుగా ఉండాలి. వదులైతే పళ్ల మీద నుంచి జారుతుంది. జారిన చైన్ వెనక చక్రాన్ని పట్టేస్తే ఫ్రీవీల్ లేని బండి ఒక్కసారిగా ఆగిపోతుంది, మీరు ఆగరు. చైన్ అరిగేకొద్దీ సాగుతుంది కాబట్టి చక్రాన్ని వెనక్కి జరుపుకుంటూ బిగించుకోవాలి. అందుకే గాడి అడ్డంగా ఉండాలి. మోటార్ సైకిల్ వెనక చక్రం దగ్గర చైన్ అడ్జస్టర్ చూశారుగా, అదే సూత్రం.

ట్రాక్ ఫ్రేములకి గాడి వెనక్కి తెరుచుకుని ఉంటుంది. పాత రోడ్ ఫ్రేములకి ముందుకి తెరుచుకుని, కాస్త వాలుగా ఉంటుంది. రెండూ పనికొస్తాయి. ఈ కాలపు గేర్ సైకిళ్లలో గాడి నిలువుగా, కిందికి తెరుచుకుని ఉంటుంది. అందులో చక్రం ముందుకీ వెనక్కీ జరగదు. "స్ప్రింగ్ టెన్షనర్ పెడితే సరిపోతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. సింగిల్ స్పీడ్‌కి అది పనిచేస్తుంది. ఫిక్సీలో కాలు ఎదురు నొక్కగానే చైన్ కింది వైపు బిగుస్తుంది, ఆ లాగుడుకి టెన్షనర్ వంగుతుంది లేదా విరుగుతుంది. ఎంత తేలికైన కార్బన్ ఫ్రేమ్ చవగ్గా దొరికినా గాడి నిలువుగా ఉంటే వదిలెయ్యండి.

గాడితో పాటు దాని వెడల్పు. ట్రాక్ హబ్ ప్రమాణం 120 ఎంఎం. పాత రోడ్ ఫ్రేములు 126, తర్వాతి రోడ్ ఫ్రేములు 130, మౌంటెన్ బైకులు 135. స్టీల్ ఫ్రేమ్ అయితే తెలిసిన మెకానిక్ 126ని 120కి జాగ్రత్తగా వంచి తెస్తాడు. అల్యూమినియాన్ని అలా వంచకూడదు, పగుళ్లు వస్తాయి. 130 ఫ్రేమ్‌కి పొడవు ఇరుసు, స్పేసర్లు వేసి నడిపించొచ్చు గానీ చైన్ నిటారుగా ఉందో లేదో చూసుకోవాలి.

ఈ వెడల్పు గోల ఎందుకు చెప్తున్నానంటే, ఫ్రేమ్‌కి సరిపడే ట్రాక్ హబ్ దొరకనప్పుడు చాలామంది ఒక అడ్డదారి పడతారు. మామూలు హబ్ మీద ఉన్న ఫ్రీవీల్‌కి వెల్డింగ్ కొట్టించేస్తారు. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, పది నిమిషాల్లో ఫిక్సీ రెడీ. దయచేసి ఈ పని చెయ్యకండి. ఫ్రీవీల్ మరలు ముందుకి తొక్కితే బిగుసుకునేలా ఉంటాయి. కాళ్లతో ఎదురు నొక్కితే అవి వదులవుతాయి. అంటే మీరు బండి ఆపుదామని బలంగా నొక్కిన క్షణంలోనే పళ్ల చక్రం ఊడి ఖాళీగా తిరుగుతుంది. నిజమైన ట్రాక్ హబ్‌లో రెండు మెట్ల మరలు ఉంటాయి. పళ్ల చక్రం ఒక వైపు మరలో ఎక్కుతుంది, దాని మీద ఉల్టా మరతో లాక్‌రింగ్ బిగుస్తుంది. పళ్ల చక్రం వదులవ్వాలని చూస్తే లాక్‌రింగ్ ఇంకా బిగుస్తుంది. కాబట్టి ఫ్రేమ్‌కి డబ్బు కట్టే ముందే దానికి సరిపోయే లాక్‌రింగ్ హబ్ దొరుకుతుందో లేదో తేల్చుకోండి.

బ్రేక్ రంధ్రం లేని ఫోర్క్

వెలోడ్రోమ్ ఫ్రేములకి బ్రేక్ బిగించే రంధ్రం ఉండదు. జపాన్‌లో 1948లో మొదలైన కైరిన్ రేసుల కోసం చేసిన పాత స్టీల్ ఫ్రేములంటే ప్రపంచమంతా పడిచస్తారు. చూడ్డానికి నిజంగానే అద్భుతంగా ఉంటాయి. బ్రేక్ మాత్రం పెట్టలేరు. మన రోడ్డు గుర్తు తెచ్చుకోండి. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. చేపల లోడు లారీ పోయిన దారిలో ఐసు నీళ్లు కారి తారు నల్లగా మెరుస్తుంటుంది. ఆటో చెయ్యి చూపించకుండా ఆగుతుంది. వెనక చక్రాన్ని కాళ్లతో ఆపడం ఇలాంటి చోట సరిపోదు. బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందుకి పడుతుంది కాబట్టి ముందు బ్రేకే అసలు బ్రేక్. ముందు ఫోర్క్‌కి రంధ్రం తప్పనిసరి, వెనక కూడా ఉంటే మంచిది. రంధ్రం లేని ఫోర్క్‌కి డ్రిల్లింగ్ చేయించే ఆలోచన కూడా వద్దు. దాని బలమంతా ఆ కిరీటం దగ్గరే ఉంటుంది.

కాలిపర్ రీచ్ కూడా అడగండి. పొట్టి రీచ్ కాలిపర్ 39 నుంచి 49 ఎంఎం, పొడవు రీచ్ 47 నుంచి 57. పొట్టి రీచ్ కోసం చేసిన ఫ్రేముల్లో మామూలుగా 28 ఎంఎం టైరు దగ్గరే చోటు అయిపోతుంది. 32 టైరు, దాని మీద మడ్‌గార్డ్ కావాలంటే పొడవు రీచ్ ఫ్రేమ్ చూసుకోవాలి. మడ్‌గార్డ్ అంటే నవ్వకండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి కొల్లేరు పొంగి ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికే నీళ్లొచ్చాయి. అంత వరద రోజూ రాదు గానీ బురద మాత్రం ప్రతి వానాకాలం వస్తుంది.

మలుపులో పెడల్ ఎక్కడ ఉంటుంది?

మామూలు సైకిల్ మీద మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపు పెడల్ పైకి పెట్టి తొక్కడం ఆపేస్తాం. ఫిక్సీలో ఆ వీలు లేదు, పెడల్ తన లెక్కన కిందికి వస్తుంది. అందుకే బాటమ్ బ్రాకెట్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో చూడాలి. స్పెక్ షీట్‌లో ఇది బీబీ డ్రాప్ అని ఉంటుంది, చక్రాల ఇరుసు కంటే ఎంత కిందికి ఉందో చెప్పే అంకె. రోడ్ ఫ్రేముల్లో సుమారు 70 ఎంఎం లేదా ఎక్కువ, ట్రాక్ ఫ్రేముల్లో 50–60 దగ్గర. 28 టైరుతో 70 డ్రాప్ ఉంటే బాటమ్ బ్రాకెట్ నేలకి 269 ఎంఎం ఎత్తున ఉంటుంది. 170 క్రాంక్ కిందికి వచ్చినప్పుడు పెడల్ ఇరుసుకీ నేలకీ మధ్య మిగిలేది 99 ఎంఎం, పెడల్ మందం తీస్తే ఇంకా తక్కువ. డ్రాప్ 55 ఉన్న ఫ్రేమ్, 165 క్రాంక్ తీసుకుంటే అదే 119 అవుతుంది. ఆ రెండు సెంటీమీటర్లు స్పీడ్ బ్రేకర్ దగ్గర, గట్టు దిగి రోడ్డెక్కే చోట పెడల్ నేలకి తగలకుండా కాపాడతాయి.

ఇదే విషయానికి తోడు పాదం ముందు చక్రానికి తగలడం. ట్రాక్ ఫ్రేములు పొట్టిగా, ముందు భాగం నిటారుగా ఉంటాయి, హెడ్ యాంగిల్ 74–75 డిగ్రీలు. వేగంగా పోతుంటే ఏమీ తెలియదు. సంతలో మనిషి నడక వేగంతో హ్యాండిల్ బాగా తిప్పినప్పుడు చక్రం బూటుకి తగులుతుంది, కాళ్లు ఆపలేరు కాబట్టి పడిపోతారు. రోజూ టౌన్‌లో తిరిగేవాళ్లు 72–73 డిగ్రీల దగ్గర చూసుకుంటే మనశ్శాంతి. పొట్టిగా ఉన్న వాళ్లకి చిన్న సైజు ఫ్రేముల్లో ఈ సమస్య ఇంకా ఎక్కువ, ఒకసారి ఎక్కి తిప్పి చూడకుండా కొనకండి.

ఏ లోహం?

ఇంజినీరింగ్‌లో చదివిన అంకెలు ఇక్కడ పనికొస్తాయి. స్టీల్ సాంద్రత 7.85, అల్యూమినియం 2.7, టైటానియం 4.5. బిగువు కూడా ఇంచుమించు అదే నిష్పత్తిలో పడిపోతుంది: స్టీల్ 200 గిగాపాస్కల్స్, అల్యూమినియం 69. అందుకే అల్యూమినియం గొట్టాలు లావుగా చేస్తారు. గొట్టం వ్యాసం పెంచితే మందం తక్కువైనా బిగువు వస్తుంది. అంటే "అల్యూమినియం గట్టిగా కుదిపేస్తుంది, స్టీల్ మెత్తగా ఉంటుంది" అన్నది లోహం గుణం కంటే గొట్టం కొలతల గుణం. మీ నడుముకి తెలిసే మెత్తదనంలో ఎక్కువ భాగం టైరుదే.

ఫ్రేమ్ ఒక్కటే తూస్తే చవక హైటెన్ స్టీల్ మామూలుగా రెండున్నర నుంచి మూడు కిలోలు. 4130 క్రోమోలీ రెండు కిలోల అటూ ఇటూ. అల్యూమినియం 1.3 నుంచి 1.8, కార్బన్ కిలో దగ్గర. క్రోమోలీ తేలికవడానికి కారణం సాంద్రత కాదు, హైటెన్‌కీ దానికీ సాంద్రత ఒక్కటే. దాని బలం ఎక్కువ కాబట్టి గొట్టాన్ని పల్చగా లాగొచ్చు. మంచివాటిలో చివర్లు 0.9 ఎంఎం, మధ్యలో 0.6 ఎంఎం ఉంటుంది. దీన్నే బటెడ్ అంటారు. అయస్కాంతం పెట్టి చూస్తే రెండూ అంటుకుంటాయి, తేడా తెలియదు. ఒక చిన్న గుర్తు: సీటు పోస్టు వ్యాసం 27.2 ఎంఎం ఉంటే లోపల గొట్టం పల్చన అని, సాధారణంగా మంచి ఫ్రేమ్ అని అర్థం. 25.4 ఉంటే మందపాటి హైటెన్ అయ్యే అవకాశం ఎక్కువ.

మన వాతావరణంలో పల్చని స్టీల్‌కి శత్రువు తేమ. కొల్లేరు మంచినీటి సరస్సే అయినా ఉప్పుటేరు దాన్ని సముద్రంతో కలుపుతుంది. ఆకివీడు దాటి భీమవరం వైపు పోతుంటే రోడ్డుకి రెండు పక్కలా చెరువులే. తుప్పు పైన పెయింట్ మీద కనిపించదు, లోపల మొదలవుతుంది. సీటు గొట్టం పై నుంచి దిగిన వాన నీళ్లు బాటమ్ బ్రాకెట్ డబ్బాలో నిలిచిపోతాయి. 0.6 ఎంఎం గోడకి తుప్పు పట్టాక మిగిలేది ఏముంది? కొన్న రోజే పెయింట్ షాపులో దొరికే డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్ గొట్టాల్లో పోసి, ఫ్రేమ్‌ని అన్ని వైపులా తిప్పి, వొంపేసి, రెండు రోజులు ఆరనివ్వండి. లోపల పొర కడుతుంది. బాటమ్ బ్రాకెట్ కింద నీళ్లు పోయే చిన్న రంధ్రం ఉందో లేదో చూడండి.

అల్యూమినియానికి ఇంత గోల లేదు, అది ఇలా తుప్పు పట్టి చిల్లుపడదు. కాకపోతే ఇనుము, అల్యూమినియం తాకే చోట తేమ చేరితే రెండూ పట్టేసుకుంటాయి. గ్రీజు రాయకుండా బిగించిన సీటు పోస్టు రెండు వానాకాలాల తర్వాత బయటికి రాదు. ఇంకోటి, అల్యూమినియం వంగితే సరిచెయ్యలేం. స్టీల్‌కి పగులు వస్తే ఇత్తడితో గ్యాస్ వెల్డింగ్ చేసే పాత చెయ్యి ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఆర్క్ వెల్డింగ్ మాత్రం పల్చని గొట్టానికి చిల్లు పెట్టేస్తుంది, ముందే చెప్పండి. కార్బన్ గురించి ఒక్క మాట చాలు: బ్రాండు తెలియని, సెకండ్ హ్యాండ్ కార్బన్ ఫ్రేమ్ కొనకండి. లోపలి పగులు కంటికి కనబడదు.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు

చాలామందికి మొదటి మంచి ఫ్రేమ్ సెకండ్ హ్యాండ్‌లోనే వస్తుంది. పాత స్టీల్ రోడ్ ఫ్రేమ్ దొరికితే వదలకండి, అడ్డ గాడి, బ్రేక్ రంధ్రాలు రెండూ ఉచితంగా వచ్చినట్టే. చూడాల్సినవి: హెడ్ ట్యూబ్ వెనక, కింది గొట్టం అడుగున చెయ్యి పెట్టి నిమరండి. ఉబ్బు గానీ పెయింట్ మీద అడ్డ గీత గానీ తగిలితే ముందు ఎక్కడో గుద్దింది అని అర్థం. తర్వాత దారం పరీక్ష. వెనక ఒక గాడి దగ్గర దారం కట్టి, హెడ్ ట్యూబ్ చుట్టూ తిప్పి, రెండో గాడికి లాగి కట్టండి. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు వైపులా కొలవండి. ఒకటి రెండు ఎంఎం తేడా పర్లేదు, అంతకన్నా ఎక్కువుంటే ఫ్రేమ్ వంకర. సీటు పోస్టు కదులుతుందో లేదో మీ ముందే తీయించండి.

బరువు కూడా తూయండి, సిగ్గేం లేదు. లగేజీ తూచే హ్యాంగింగ్ స్కేల్ చాలు. చేపలు తూచే కాటా దొరికితే అదీ పనికొస్తుంది, మన వైపు దానికి కరువు లేదు. కంపెనీ చెప్పే బరువు చాలాసార్లు చిన్న సైజుది, బోల్టులు లేనిది, ఫోర్క్ కలపనిది. ఫోన్ బరువు కవర్ లేకుండా చెప్పినట్టు.

ఇంట్లో తాతగారి నల్ల సైకిల్‌ని ఫిక్సీ చేద్దాం అనే ఆలోచన అందరికీ ఒకసారి వస్తుంది. దానికి వెనక్కి తెరుచుకునే గాడి ఉన్న మాట నిజం. కానీ 28 x 1½ రిమ్ము వ్యాసం 635 ఎంఎం, 700సి ది 622. రాడ్ బ్రేక్ కోసం చేసిన ఫోర్క్‌కి కాలిపర్ నేరుగా సరిపోదు, క్రాంకులు కాటర్ పిన్ను మీద ఉంటాయి. ఒక్కోటి మారుస్తూ పోతే కొత్త ఫ్రేమ్ ఖర్చు దాటుతుంది, బరువు మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని దానిలాగే నూనె వేసి తొక్కండి, ఫ్రీవీల్‌తో హాయిగా ఉంటుంది.

నేనైతే ఏం తీసుకుంటాను?

ఏలూరు–తాడేపల్లిగూడెం–కొల్లేరు తిరగడానికి: బటెడ్ 4130 క్రోమోలీ, 120 ఎంఎం ట్రాక్ గాడి, ముందూ వెనకా బ్రేక్ రంధ్రాలు, 32 టైరుకి చోటు, బీబీ డ్రాప్ 60 లోపు, హెడ్ యాంగిల్ 73. ఇవన్నీ ఉన్న ఫ్రేమ్ రెండు కిలోలు ఉన్నా నాకు అభ్యంతరం లేదు. మూడో అంతస్తు వాళ్లు ఇవే కొలతలతో అల్యూమినియం చూసుకోండి, అరకిలో పైన తగ్గుతుంది. బడ్జెట్‌లో ఫ్రేమ్, ఫోర్క్ కలిపి మూడో వంతు దాటనివ్వకండి. మిగతాది చక్రాలు, టైర్లు, ఒక మంచి ముందు బ్రేక్‌కి వెళ్లాలి.

గేర్ విషయంలో గాలిని లెక్కలో పెట్టుకోండి. ఊళ్లో కనిపించే 48/16 కాంబినేషన్ మన ఎదురుగాలికి బరువు. 44/17 పెడితే 28 టైరుతో పెడల్ ఒక చుట్టుకి ఐదున్నర మీటర్లు వస్తుంది, నిమిషానికి 75 చుట్లకి గంటకి 25 కిలోమీటర్లు. వెనక పళ్లని 17 నుంచి 18 చేసినా ఇరుసు జరిగేది మూడు ఎంఎం పైచిలుకే, గాడిలో ఆ చోటు ఉంటుంది. ఫ్రేమ్ వచ్చిన రోజు చైన్‌వీల్ పెట్టి, చైన్‌స్టేకి తగలకుండా తిరుగుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే చైన్ కోయించండి.